ఓడ రేవులో ఆగిన రోజు: కరీబియన్ క్రూయిజ్‌లో ఎనిమిది గంటల లెక్క

టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కాం. ఒక పగలంతా నీళ్ళు తప్ప మరేమీ కనబడలేదు. మూడో రోజు పొద్దున కిటికీ తెర తీస్తే పక్కనే ఇంకో ఓడ, మా ఓడకన్నా ఎత్తుగా. దాని బాల్కనీలో ఒకాయన పైజామాతో నిలబడి కాఫీ తాగుతున్నాడు. అది మెక్సికో దీవి కోజుమెల్. "ఏరా, ఊరెక్కడ?" అంది అమ్మ.

ఓడవాళ్ళు ఇచ్చిన కార్డు స్కాన్ చేయించుకుని దిగాం. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన జెట్టీ మీద పది నిమిషాలు నడిచాం. జెట్టీ చివర ఊరు ఉంటుందనుకుంటే దుకాణాల సముదాయం ఉంది. వజ్రాల షాపు, టెకీలా షాపు, వాచీల షాపు, మళ్ళీ వజ్రాల షాపు. వాటి మధ్య వంపులు తిరిగే దారిలోంచే బయటికి వెళ్ళాలి. అరగంట గడిచాక అమ్మ మళ్ళీ అదే అడిగింది: "ఇంతకీ ఊరెక్కడ?"

ఈ ప్రశ్న ఇప్పుడు కరీబియన్‌లో చాలాచోట్ల వేరే రూపాల్లో వినబడుతోంది. ఓడలో వచ్చే ఒక్కో మనిషి మీద మెక్సికో పన్ను వేసింది. కేమన్ దీవుల ప్రజలు కొత్త జెట్టీ కావాలా వద్దా అని ఓటేశారు. క్రూయిజ్ కంపెనీలు అసలు ఊళ్ళే లేని సొంత దీవులు కట్టుకుంటున్నాయి. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగువాళ్ళు అమ్మానాన్నలు వచ్చినప్పుడు నాలుగైదు రాత్రుల క్రూయిజ్‌కు తీసుకెళ్ళడం మామూలైపోయింది కాబట్టి మన ఇళ్ళలోనూ దీని చుట్టూ సందేహాలు ఎక్కువే. రేవులో ఓడ ఆగే ఆ ఒక్క రోజు ఎలా నడుస్తుంది, ఆ గంటలు ఎక్కడికి పోతాయి, మన జేబులోంచి తీసిన డాలరు ఎవరి జేబులోకి వెళ్తుంది అన్నదే ఈ వ్యాసం.

ముందుగా కొన్ని మాటలు

ఓడ బయల్దేరి తిరిగి చేరే రేవు హోమ్ పోర్ట్. మా విషయంలో గాల్వెస్టన్. దారిలో ఆగేవి పోర్ట్ ఆఫ్ కాల్. అలా ఆగిన రోజు పోర్ట్ డే, ఎక్కడా ఆగకుండా సముద్రంలో గడిచేది సీ డే. ఓడకీ జెట్టీకీ మధ్య వేసే నడక వంతెన గ్యాంగ్‌వే. జెట్టీ లేని చోట, లేదా నీటి లోతు చాలని చోట ఓడ దూరంగా లంగరు వేస్తుంది. అక్కణ్ణుంచి చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. ఆ పడవలు టెండర్లు. కేమన్ దీవుల రాజధాని జార్జ్‌టౌన్‌లో, బెలీజ్ సిటీలో ఇప్పటికీ ఇదే పద్ధతి. అందరూ తిరిగి ఎక్కేయాల్సిన సమయం ఆల్ అబోర్డ్. సాధారణంగా ఓడ కదలడానికి అరగంట ముందు ఉంటుంది, టెండర్ రేవుల్లో ఇంకా ముందే.

ఓడ రేవుకు తాడు కట్టగానే దిగిపోవడం కుదరదు. ఆ దేశపు అధికారులు కాగితాలు చూసి అనుమతి ఇవ్వాలి. దాన్నే క్లియరెన్స్ అంటారు. గ్యాంగ్‌వే దగ్గర జనం కిక్కిరిసి నిలబడి "ఇంకా ఎందుకు వదలట్లేదు" అని విసుక్కునే ఆ ఇరవై నిమిషాలు దానివే.

అసలు ఆ రేవులో ఎందుకు ఆగాలి?

జనం చూడటానికే అనుకుంటాం. అదీ ఉంది, కానీ వెనక ఒక చట్టం కూడా ఉంది. అమెరికా 1886లో చేసిన ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళను దూరపు విదేశీ రేవు తాకకుండా ఇంకో అమెరికా రేవులో దింపకూడదు. ఎక్కిన చోటికే తిరిగి తెచ్చే ప్రయాణంలో మధ్యమధ్య రేవుల్లో ఆపాలంటే వాటిలో కనీసం ఒకటైనా విదేశీ రేవు కావాలి. మన కంటికి అమెరికా కంపెనీల్లా కనిపించే సంస్థల ఓడలు ఎక్కువగా బహామాస్‌లోనో పనామాలోనో రిజిస్టర్ అయి ఉంటాయి. కాబట్టి ఈ నిబంధన వాటన్నిటికీ వర్తిస్తుంది.

ఫ్లోరిడా నుంచి నాలుగు రోజుల్లో వెళ్ళిరాగల విదేశీ రేవు ఏది? బహామాస్ రాజధాని నాసా. టెక్సాస్ నుంచి? కోజుమెల్. ఈ రెండూ కిక్కిరిసిపోవడానికి అందమైన నీళ్ళు ఎంత కారణమో ఈ నూట నలభై ఏళ్ళ నాటి చట్టమూ అంతే కారణం. 2020 జనాభా లెక్కల్లో కోజుమెల్ మునిసిపాలిటీ జనాభా దాదాపు 88 వేలు. ఆ దీవికి ఏడాదికి 40 లక్షలకు పైగా క్రూయిజ్ ప్రయాణికులు వస్తున్నారు.

మనవాళ్ళకు ఎదురయ్యే వీసా చిక్కు

రేవు ఏ దేశానిది అన్నది భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు చిన్న విషయం కాదు. ఒకే ఇంట్లో అమెరికాలో పుట్టిన పిల్లలు, హెచ్‌-1బీ మీద తల్లిదండ్రులు, విజిటర్ వీసా మీద తాతా నానమ్మా ఉంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో రూల్. ఎక్కిన రేవుకే తిరిగొచ్చే క్రూయిజ్‌లో అమెరికా పౌరులను బర్త్ సర్టిఫికెట్, ఫోటో గుర్తింపు కార్డుతోనే అమెరికా తిరిగి రానిస్తుంది. ఈ సౌకర్యం చూసి "పాస్‌పోర్టే అక్కర్లేదట" అన్న మాట ఇంటింటా పాకింది. అది పౌరులకు మాత్రమే. మిగతావాళ్ళకు ఓడ దిగడమంటే దేశం దాటడమే, తిరిగి ఎక్కి రావడమంటే మళ్ళీ అమెరికాలో ప్రవేశించడమే.

ఇందులో ఒక మెలిక తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. వీసా స్టాంపు గడువు ముగిసినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) చెల్లుతూ ఉంటే, 30 రోజులు మించకుండా మెక్సికోకో కెనడాకో వెళ్ళి కొత్త స్టాంపు లేకుండా తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన ఉంది. స్టూడెంట్ వీసా ఎఫ్, ఎక్స్‌చేంజ్ వీసా జే ఉన్నవాళ్ళకు క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకు కూడా ఇది వర్తిస్తుంది. హెచ్‌-1బీ వాళ్ళకు మాత్రం మెక్సికో, కెనడాలకే. అంటే గడువు తీరిన స్టాంపుతో ఉన్న హెచ్‌-1బీ ఉద్యోగికి కోజుమెల్ ఒక్కటే ఆగే ఓడ ఒక లెక్క. అదే ఓడ మర్నాడు జమైకాలో కూడా ఆగితే లెక్క మొత్తం మారిపోతుంది. టికెట్ ధర ఒకటే, ఓడా అదే. ఒక్క రేవు తేడా. ఇక ప్యూర్టో రికో, సెయింట్ థామస్ లాంటివి అమెరికా భూభాగమే కాబట్టి అవి విదేశీ రేవుల కిందికి రావు.

ఓడ గడియారం, ఊరి గడియారం

మేం వెళ్ళింది డిసెంబర్. ఊళ్ళో సముద్రపు గట్టు మీద కూర్చుని చేపల టాకో తింటుంటే నాన్న చేతి గడియారంలో రెండు, నా ఫోన్‌లో మూడు. ఇద్దరం ఒకరి వైపు ఒకరు చూసుకున్నాం. టెన్షన్ అంటే అదీ. తప్పు ఎవరిదీ కాదు, రెండూ సరైన టైమే చూపిస్తున్నాయి.

కోజుమెల్ ఉన్న కింతానా రూ రాష్ట్రం 2015 ఫిబ్రవరి 1న తన టైమ్ జోన్ మార్చుకుంది. పర్యాటకులకు సాయంత్రం వెలుగు ఇంకో గంట మిగలాలన్నది ఉద్దేశం. అక్కడ ఏడాది పొడవునా ఒకటే టైమ్, వేసవిలో గడియారాలు మార్చరు. టెక్సాస్, ఫ్లోరిడా మాత్రం ఏడాదికి రెండుసార్లు మారుస్తాయి. ఓడ బయల్దేరిన రేవు టైమునే పట్టుకుని వెళ్తే నాలుగు రకాల పరిస్థితులు వస్తాయి.

చలికాలంలో టెక్సాస్ ఓడ: ఓడలో రెండైతే ఊళ్ళో మూడు. ఊరి టైము నమ్ముకున్నవాడు గంట ముందే వచ్చి కూర్చుంటాడు. నష్టం లేదు. వేసవిలో టెక్సాస్ ఓడ: రెండూ ఒకటే. చలికాలంలో ఫ్లోరిడా ఓడ: అప్పుడూ రెండూ ఒకటే. అసలు ప్రమాదం నాలుగో దానిలో ఉంది. జూన్ నెల, మయామీ నుంచి వచ్చిన ఓడ. ఓడలో నాలుగున్నర, ఆల్ అబోర్డ్ అయిపోయింది. అదే క్షణంలో ఊళ్ళో మూడున్నర. ఫోన్ దానంతటదే అక్కడి టవర్ పట్టుకుని ఊరి టైముకు మారిపోయింది. ఫోన్ చూసుకునే మనిషి ఇంకా గంట ఉందనుకుని ఇంకో కొబ్బరిబోండాం చెబుతాడు.

కొన్ని ఓడలు రేవు టైముకు తమ గడియారాలు మార్చుకుంటాయి, కొన్ని మార్చవు. అందుకే ముందురోజు రాత్రి వచ్చే కార్యక్రమాల పట్టికలో, దిగేటప్పుడు గ్యాంగ్‌వే పక్కన పెట్టే బోర్డు మీద "షిప్ టైమ్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు.

తొమ్మిది గంటలు రెండుగా మారే వైనం

కాగితం మీద మా ఓడ పొద్దున 8 నుంచి సాయంత్రం 5 వరకు రేవులో ఉంది. అంటే తొమ్మిది గంటలు. క్లియరెన్స్ అయ్యేసరికి ఎనిమిదిన్నర. ఆల్ అబోర్డ్ నాలుగున్నర. మిగిలింది ఎనిమిది.

ఇప్పుడు తులుమ్‌లో సముద్రపు కొండ అంచున ఉన్న మాయా నాగరికత శిథిలాలు చూడాలనుకుందాం. అవి దీవిలో లేవు, ఎదుటి ఒడ్డున ఉన్నాయి. తొమ్మిదికి జెట్టీ మీద జమ కావాలి. తొమ్మిదిన్నరకు ఫెర్రీ, అది ఎదుటి ఒడ్డు ఊరు ప్లాయా దెల్ కార్మెన్ చేరడానికి ముప్పావుగంట. దిగి బస్సెక్కేసరికి పదిన్నర. అక్కణ్ణుంచి అరవై కిలోమీటర్ల పైన, ఒక గంట. టికెట్టు, గేటు దాటి లోపలికి వెళ్ళేసరికి పదకొండు ముప్పావు. ఇక వెనక నుంచి లెక్కేద్దాం. నాలుగుంపావుకు ఓడ దగ్గర ఉండాలంటే మూడింటి ఫెర్రీ పట్టుకోవాలి. దానికోసం రెండు ముప్పావుకు ప్లాయాలో ఉండాలి, తులుమ్‌లో ఒకటీ నలభైకి బస్సు కదలాలి. ఎనిమిది గంటల్లో శిథిలాల మధ్య గడిపేది రెండు గంటల లోపు. అదీ నీడ తక్కువైన చోట, నడినెత్తిన ఎండలో. ఫెర్రీలో ఆ జలసంధి అలలకు కడుపులో తిప్పేవాళ్ళకు ఈ లెక్క ఇంకా భారంగా ఉంటుంది.

దీవిలోనే ఉండిపోయేవాళ్ళ రోజు వేరు. పలంకార్ పగడపు దిబ్బల దగ్గర డైవింగ్‌కో, దీవి మధ్యలో మాయా దేవత ఇష్చెల్ పేరుతో ముడిపడిన సాన్ హెర్వాసియో శిథిలాలకో, సాన్ మిగేల్ ఊళ్ళోకో వెళ్తే దారిఖర్చుగా పోయే సమయం గంటకు మించదు. తులుమ్ గొప్పదే. కానీ పోర్ట్ డేలో దూరానికి ఉండే ధర డాలర్లలో కన్నా నిమిషాల్లో ఎక్కువ.

వాతావరణం గురించి ఒక మాట. చలికాలంలో ఉత్తరం నుంచి వీచే బలమైన గాలులకు ఓడ జెట్టీకి చేరలేని రోజులుంటాయి. అప్పుడు కెప్టెన్ ఆ రేవు వదిలేసి వెళ్ళవచ్చు. టికెట్ షరతుల్లో ఆ అధికారం రాసే ఉంటుంది. టెండర్ రేవుల్లో ఇది ఇంకాస్త ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే ఓడ నిలబడగలిగిన అలల్లో కూడా చిన్న పడవలోకి ముసలివాళ్ళను దింపడం కుదరదు.

ఒక్క గంట ఆగితే ఏం పోయింది?

సాయంత్రం పై డెక్‌ల మీద జనం రెయిలింగ్ పట్టుకుని చూస్తుంటారు. జెట్టీ చివర ఎవరైనా చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుతూ కనిపిస్తే చప్పట్లు, ఈలలు. పరుగెత్తే మనిషికి మాత్రం అది గుండె నోట్లోకి వచ్చే సమయం. ఓడలో ఎవరెక్కారో ఎవరెక్కలేదో కార్డు స్కాన్ వల్ల కచ్చితంగా తెలుస్తుంది. పేర్లు మైకులో పిలుస్తారు. రానివాళ్ళ పాస్‌పోర్టులను వాళ్ళ గదిలోంచి తీసి రేవులోని ఏజెంట్ చేతికిచ్చి వెళ్ళే పద్ధతి కూడా ఉంది. అంత తెలిసి కూడా ఎందుకు ఆగరు?

మొదటిది, రేవులో ఉండే ప్రతి గంటకూ, ఓడకు రేవు దారి చూపే పైలట్‌కూ, ఓడను లాగే టగ్ పడవకూ లెక్కలుంటాయి. వెనక ఇంకో ఓడకు ఆ చోటు కేటాయించి ఉండవచ్చు. రెండోది ఇంధనం. నీటిని తోసుకుంటూ వెళ్ళే ఓడకు వేగం పెరిగితే కావలసిన శక్తి దాదాపుగా ఆ వేగానికి ఘనంగా, అంటే మూడో ఘాతంలో పెరుగుతుంది. కోజుమెల్ నుంచి గాల్వెస్టన్ సుమారు 680 నాటికల్ మైళ్ళు అనుకుందాం. శనివారం సాయంత్రం 5కు కదిలి సోమవారం పొద్దున 7కు చేరాలంటే 38 గంటలు, సగటు వేగం 17.9 నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే ఒక సముద్రపు మైలు). గంట ఆలస్యంగా కదిలితే 37 గంటలే మిగిలాయి, వేగం 18.4 నాట్లు కావాలి. పెరిగింది అర నాటు. కానీ ఇంజన్ల మీద భారం ఎనిమిది శాతం పెరుగుతుంది. గంట తక్కువ నడిచినా ప్రయాణం మొత్తానికి ఇంధనం ఐదు శాతం పైగా ఎక్కువ కాలుతుంది. సోమవారం పొద్దున ఏడింటికి గాల్వెస్టన్‌లో దిగాల్సిన వేలమందికి విమానాలున్నాయి, అదే రోజు ఎక్కాల్సిన ఇంకో వేలమంది ఉన్నారు. నలుగురి కోసం ఆగితే కదిలేది ఇంత.

ఓడ కంపెనీ ద్వారా బుక్ చేసిన టూర్ ఆలస్యమైతే మాత్రం పరిస్థితి వేరు. ఆ బస్సు ఎక్కడుందో ఓడకు తెలుసు. వీలైతే ఆగుతారు, లేకపోతే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత తీసుకుంటారు. బయట బుక్ చేసుకున్నవాళ్ళకు ఆ హామీ లేదు. కంపెనీ టూర్ ధర ఎక్కువగా ఉండటానికి ఈ హామీ ఒక కారణం. రెండో కారణం తర్వాతి లెక్కలో ఉంది.

జెట్టీ ఎవరిదైతే డబ్బు దారి వాళ్ళది

కోజుమెల్‌లో పెద్ద ఓడలు ఆగే జెట్టీలు మూడు. పుంతా లంగోస్తా సాన్ మిగేల్ ఊరి నడిబొడ్డునే ఉంది, దిగితే ఎదురుగా వీధి. అంతర్జాతీయ జెట్టీ, పుయెర్తా మాయా ఊరికి దక్షిణంగా దూరంగా ఉన్నాయి. వీటిలో పుయెర్తా మాయా క్రూయిజ్ కంపెనీ కార్నివాల్‌ది. 2005 అక్టోబర్‌లో విల్మా తుపానుకు అది ధ్వంసమైతే మళ్ళీ కట్టి 2008లో తెరిచారు. అంటే ఓడ వాళ్ళది, ఆగిన జెట్టీ వాళ్ళది, జెట్టీ చివరి దుకాణాల స్థలమూ వాళ్ళదే. ఊరు ఆ తర్వాత మొదలవుతుంది. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఓడలో రేవుకు ముందురోజు "పోర్ట్ టాక్" అని ఒక సభ పెడతారు. ఏ దుకాణంలో కొనాలో, ఎక్కడ ఉచితంగా చిన్న లాకెట్ ఇస్తారో చెబుతారు. ఆ సిఫారసు దుకాణాలు ప్రచారానికి డబ్బు కట్టినవే. ఆ సంగతి కరపత్రంలో సన్న అక్షరాలతో ఉంటుంది.

ఇప్పుడు రెండు కుటుంబాల ఖర్చు ఊహించుకుందాం. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే. మొదటి కుటుంబం, నలుగురు, ఓడలోనే బీచ్ క్లబ్ టూర్ కొన్నారు. తలకు 75 చొప్పున 300 డాలర్లు. ఓడ తన వాటా సగం తీసుకుందనుకుంటే దీవిలోని ఆపరేటర్‌కు అందేది 150. రెండో కుటుంబం దిగి టాక్సీకి 40, ఊళ్ళో హోటల్లో భోజనానికి 80, ఒక చిన్న కొట్టులో బహుమతులకు 30 పెట్టారు. మొత్తం 150. మొదటివాళ్ళు రెట్టింపు ఖర్చు చేసినా దీవికి చేరింది సమానమే.

అక్కడితో అయిపోలేదు. చేరిన 150 అక్కడే ఉంటుందా? టాక్సీలో పోసే పెట్రోలు దీవి బయటి నుంచి వస్తుంది. కొట్టులో అమ్మే బొమ్మ ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై ఉండవచ్చు. బీచ్ క్లబ్ యజమాని వేరే నగరంలో ఉండవచ్చు. ఇలా వచ్చినట్టే వచ్చి బయటికి పోయే డబ్బును ఆర్థికవేత్తలు లీకేజీ అంటారు. చిల్లి కుండలో నీళ్ళలాంటిది. ఎంత పోశాం అన్నదానికన్నా ఎంత నిలిచింది అన్నదే అసలు లెక్క.

కంపెనీల వాదనలో బలం లేకపోలేదు. క్రూయిజ్ సంస్థల సంఘం అయిన ఎఫ్‌సీసీఏ చేయించిన 2017-18 అధ్యయనం 36 రేవులను లెక్కలోకి తీసుకుని, ఒక్కో ప్రయాణికుడు ఒక్కో రేవులో సగటున 101 డాలర్ల పైచిలుకు ఖర్చు పెట్టాడనీ, ప్రయాణికులు, సిబ్బంది, కంపెనీలు కలిసి పెట్టిన ఖర్చు 336 కోట్ల డాలర్లనీ చెప్పింది. సంఘం వాళ్ళే చేయించిన అధ్యయనం అన్నది గుర్తుంచుకోవాలి. అయినా టాక్సీ స్టాండ్ దగ్గర వరుసలో నిలబడ్డ డ్రైవర్‌కు ఓడ వచ్చిన రోజుకీ రాని రోజుకీ తేడా చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు. ఓడ సందర్శకులకు హోటల్ గదులు కట్టాల్సిన పని కూడా దీవికి లేదు.

ఎదుటి వాదన కూడా అక్కణ్ణుంచే మొదలవుతుంది. గది అక్కర్లేని మనిషి భోజనం కూడా ఓడలోనే చేసి దిగుతాడు. బహామాస్‌కు 2023లో వచ్చిన 96 లక్షల మందిలో ఎనభై శాతం పైగా సముద్రం మీదే వచ్చారు. కానీ ఆ దేశంలో పర్యాటకులు పెట్టే ఖర్చులో పెద్ద భాగం రాత్రి బస చేసేవాళ్ళదే.

యాజమాన్యం ఇంకోలా కూడా ఉండవచ్చని బహామాస్ రాజధాని నాసా చూపించింది. అక్కడి రేవును దాదాపు 300 మిలియన్ డాలర్లతో పునర్నిర్మించి 2023 మేలో తెరిచారు. నడిపే సంస్థలో గ్లోబల్ పోర్ట్స్ హోల్డింగ్ అనే అంతర్జాతీయ రేవుల సంస్థకు 49 శాతం, బహామాస్ పౌరులు మదుపు పెట్టే ఫండ్‌కు 49 శాతం, ఒక యువజన ఫౌండేషన్‌కు మిగిలిన 2 శాతం. ఓడ ఆగినప్పుడు వచ్చే రుసుములో అక్కడి మామూలు మదుపుదారుకూ వాటా ఉంటుందన్నమాట.

42 డాలర్లు 5 ఎలా అయ్యాయి?

విమానంలో మెక్సికో వెళ్ళే విదేశీయుడు ప్రవేశ రుసుము కడతాడు. ఓడలో వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళకు ఏళ్ళ తరబడి మినహాయింపు ఉండేది. 2024 డిసెంబర్‌లో మెక్సికో పార్లమెంటు ఆ మినహాయింపు తీసేసింది. తలకు 860 పెసోలు, అప్పటి లెక్కలో సుమారు 42 డాలర్లు. నాలుగు వేల మంది ఉన్న ఓడ ఒక్కసారి ఆగితే 1,68,000 డాలర్లు. రేవు మార్చుకుంటామని కంపెనీలు హెచ్చరించాయి. కోజుమెల్ వ్యాపారులు కూడా భయపడ్డారు. చర్చల తర్వాత 2025 జులై నుంచి 5 డాలర్లతో మొదలుపెట్టి 2028 నాటికి మెట్లు మెట్లుగా 21 డాలర్లకు చేర్చాలని ఒప్పందం కుదిరింది. అదే ఓడకు మొదట 20,000, చివరికి 84,000.

మన టికెట్‌లో "పన్నులు, రేవు రుసుములు" అన్న గీతలో ఇది కలిసిపోతుంది, కాబట్టి కట్టినట్టు కూడా తెలియదు. ఆ చట్టం ఆమోదం పొందినప్పుడు ఎక్కువ చర్చ జరిగిన విషయం ఇంకొకటి. వసూలయ్యేదానిలో మూడింట రెండొంతులు సైన్యానికి వెళ్ళేలా రాశారు. ఓడల రద్దీ మోసేది దీవి రోడ్లు, దీవి మురుగు కాలువలు, దీవి పగడాలు. అలాంటప్పుడు ఆ సొమ్ములో దీవికి స్పష్టమైన వాటా ఉండాలన్న కోరిక నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

ఊరు లేని రేవు

కంపెనీలకు ఈ చిక్కులన్నీ తప్పించే దారి ఒకటుంది. సొంత దీవి. నార్వేజియన్ సంస్థ 1977లో బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే అనే దీవిని కొనడంతో ఇది మొదలైంది. డిస్నీ 1998 నుంచి కాస్ట్‌అవే కే నడుపుతోంది. రాయల్ కరీబియన్ 250 మిలియన్ డాలర్లు పెట్టి కోకోకేను వాటర్ పార్కుగా మార్చి 2019లో తెరిచింది. కార్నివాల్ 2025 జులైలో గ్రాండ్ బహామా దీవి మీద సెలబ్రేషన్ కీ తెరిచింది. అక్కడ దిగితే టాక్సీ బేరం లేదు, దారి తప్పడం లేదు, చంటిపిల్లలతో వచ్చిన తల్లికి నిజంగా హాయి. భోజనం ఓడదే, కుర్చీ ఓడదే, కొనే ప్రతి వస్తువు బిల్లూ అదే కార్డు మీద. బహామాస్ ప్రభుత్వం కూడా దీన్ని గమనించింది. 2024 నుంచి నాసా, ఫ్రీపోర్ట్ ఊళ్ళకు వచ్చేవాళ్ళకు తలపన్ను 23 డాలర్లు, ప్రైవేట్ దీవుల్లోనే తిరిగి వెళ్ళిపోయేవాళ్ళకు 25. రెండు డాలర్ల తేడా చిన్నదే. "మా ఊరు కూడా చూసి వెళ్ళండి" అని అది అడుగుతున్నట్టుంటుంది.

ఈ చర్చ ఎంత పదునెక్కగలదో హైతీలోని లబడీ చూపించింది. అది కంచె వేసిన తీరం, రాయల్ కరీబియన్ లీజుకు తీసుకుని నడిపేది. 2010 జనవరి 12న హైతీ రాజధాని భూకంపానికి కూలిపోయింది. మూడు రోజులకే, 15న, ఇండిపెండెన్స్ ఆఫ్ ద సీస్ ఓడ లబడీలో ఆగింది. ఒక పక్క బియ్యం, నీళ్ళు దింపారు, ఇంకో పక్క ప్రయాణికులు ఇసుకలో పడుకున్నారు. ఇది మనుషులు చేసే పనేనా అన్నారు కొందరు. ఓడ రాకపోతే అక్కడ పనిచేసే వందల కుటుంబాల ఆ రోజు కూలీ పోతుంది, సాయమూ రాదు అన్నారు మరికొందరు. నేను ఇప్పటికీ ఆ రెండు మాటల్లో దేన్నీ కొట్టిపారేయలేను.

వద్దన్న ఓటర్లు

జార్జ్‌టౌన్‌లో జెట్టీ లేదని చెప్పాను. కొత్త పెద్ద ఓడలు టెండర్లలో వేలమందిని దింపడం ఇష్టపడవు. జెట్టీ కట్టకపోతే ఓడలు తగ్గిపోతాయి, దుకాణాలు మూతపడతాయి అన్నది ఒక పక్షం. రేవు తవ్వితే పగడాలు, మునిగిన ఓడల చుట్టూ ఉన్న డైవింగ్ చోట్లు పోతాయి, వీధుల్లో నడవడానికి చోటుండదు అన్నది ఇంకో పక్షం. 2025 ఏప్రిల్ 30న సాధారణ ఎన్నికలతో పాటే దీనిపై ఓటింగ్ పెట్టారు. జెట్టీ వద్దని ప్రజలు తేల్చారు. బ్యాంకింగ్ రంగం బలంగా ఉన్న కేమన్ అలా అనగలిగింది. ఓడలే ప్రధాన ఆధారమైన దీవి అంత తేలిగ్గా అనలేదు.

కోజుమెల్‌లో నాలుగో జెట్టీ ప్రతిపాదన వచ్చినప్పుడు డైవర్లు, స్థానికులు పగడాల దిబ్బ పేరు చెప్పి అడ్డుపడ్డారు, కోర్టుకు వెళ్ళారు. అక్కడి దిబ్బ, ప్రపంచంలో రెండో అతి పొడవైన మెసోఅమెరికన్ పగడపు దిబ్బల వరుసలో భాగం. ఓడల మీద బతికే ఊరే ఇంకో ఓడకు చోటు వద్దనడం వింతగా అనిపించవచ్చు. కానీ జనం ఓడ దిగి చూడటానికి వచ్చేది ఆ పగడాలనే.

ఆ ఓడల్లో ఒకటి విశాఖకు వచ్చింది

1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే ఓడ మయామీ నుంచి బహామాస్‌కు మూడు నాలుగు రోజుల చిన్న క్రూయిజ్‌ల కోసమే కట్టబడింది. తర్వాత ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ పేరుతో కరీబియన్‌లో చాలా ఏళ్ళు తిరిగింది. అదే ఓడను కార్డేలియా సంస్థ కొని ఎంప్రెస్ పేరుతో 2021లో మన దేశంలో నడపడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో అది విశాఖపట్నం రేవులో ఆగింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ అక్కడ ప్రారంభమైంది.

ఇప్పుడు కోజుమెల్ లెక్క విశాఖకు వేసి చూడొచ్చు. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 వరకు ఓడ ఆగిందనుకుంటే చేతిలో ఎనిమిది గంటలు. బొర్రా గుహలు తొంభై కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. రానూపోనూ ఐదారు గంటలు, గుహలో మిగిలేది గంటో గంటన్నరో. అది మన తులుమ్. సింహాచలం, తొట్లకొండ, ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం అన్నీ ఊరి చుట్టూనే. వాటికి పోయే దారి గంట లోపు. ఓడ దిగినవాళ్ళకు టెర్మినల్ గేటు బయట మొదట కనిపించేది ఆటో స్టాండా, దుకాణాల వరుసా, టూర్ బస్సా అన్నది ఇంకా మన చేతిలోనే ఉంది.